యాడ్-ఆన్లు ఆగిపోయిన వేళ: బ్రౌజర్ మార్పులకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

గూగుల్ క్రోమ్ బ్రౌజర్‌లో పాత పద్ధతిలో రూపొందిన యాడ్-ఆన్ల చరిత్ర 2025లో ముగిసింది. 2024 జూన్‌లో హెచ్చరికలతో మొదలైన ఈ ప్రక్రియ అదే ఏడాది అక్టోబరు నుంచి సాధారణ వినియోగదారుల కంప్యూటర్లకు విస్తరించింది. పెద్ద సంస్థలకు ఇచ్చిన ప్రత్యేక గడువు కూడా 2025 జూన్‌తో తీరిపోయింది. 138వ వెర్షన్ ఆ యాడ్-ఆన్లకు చివరి మజిలీ అయింది. 139వ వెర్షన్ వచ్చేసరికి వాటిని నడిపే వీలే లేకుండా పోయింది. ప్రకటనలను అడ్డుకునే సాధనాల్లో ఎంతో పేరు పొందిన యూబ్లాక్ ఆరిజిన్‌ను ఒక్క క్రోమ్‌లోనే మూడు కోట్లమందికి పైగా వాడేవారు. ‘ఈ ఎక్స్‌టెన్షన్‌కు ఇకపై మద్దతు లేదు’ అన్న సందేశమే వారికి మిగిలింది.

పైకి ఇది సాంకేతిక నిపుణులు మాత్రమే పట్టించుకోవలసిన వ్యవహారంలా కనిపించవచ్చు. కానీ బ్యాంకు లావాదేవీ నుంచి పరీక్షా ఫలితం వరకు, పింఛను దరఖాస్తు నుంచి వార్తాపఠనం వరకు నేడు అనేక పనులు బ్రౌజర్ అనే గవాక్షం గుండానే సాగుతున్నాయి. ఆ గవాక్షానికి మనం తగిలించుకున్న తెరను, జల్లెడను, భూతద్దాన్ని మన అనుమతి లేకుండా తొలగించే అధికారం ఎవరిది? ఆ మార్పు వల్ల కలిగే నష్టాన్ని ఎవరు భరించాలి? ఈ ప్రశ్నలు క్రోమ్‌తో పుట్టినవి కావు. 2017లో ఫైర్‌ఫాక్స్ ఇంతకంటే పెద్ద మార్పే చేసింది. ఈ రెండు అనుభవాలను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే అసలు సమస్య ఎక్కడున్నదో స్పష్టమవుతుంది.

యాడ్-ఆన్ అంటే ఏమిటి?

బ్రౌజర్‌ను తయారు చేసినవారు కాక, ఇతరులు రాసి దానికి జోడించే చిన్న ప్రోగ్రామునే యాడ్-ఆన్ లేదా ఎక్స్‌టెన్షన్ అంటారు. బ్రౌజర్ నిర్మాతలు కోట్లాది మందిని దృష్టిలో ఉంచుకొని పనిచేస్తారు. కొద్దిమందికే అవసరమైన సౌకర్యం వారి ప్రాధాన్యాల్లో వెనుకబడుతుంది. చూపు మందగించినవారికి అక్షరాలను, రంగులను మార్చి చూపడం, పరిశోధకులకు గ్రంథ వివరాలను ఒకచోట భద్రపరచడం, మన కదలికలను వెంబడించే అదృశ్య సంకేతాలను అడ్డుకోవడం వంటి పనులను చాలాకాలంగా యాడ్-ఆన్లే నెరవేరుస్తున్నాయి. వీటిలో అనేకం ఒక వ్యక్తి గానీ, నలుగురైదుగురు స్వచ్ఛంద కార్యకర్తలు గానీ తీరిక వేళల్లో రాసినవి.

తెలుగు పాఠకులకు దీని విలువ తెలియనిది కాదు. యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు మన దినపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో ఫాంటును వాడేవి. ఒక పత్రిక అక్షరాల సంకేతాలు మరొక పత్రికకు సరిపోయేవి కావు. ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు వార్త అర్థంలేని గుర్తుల గుంపుగా కనిపించేది. వెతుకుదామంటే దొరికేది కాదు. ఈ చిక్కును విప్పడానికి మోజిల్లా బ్రౌజర్ల కోసం ‘పద్మ’ అనే యాడ్-ఆన్ వెలువడింది. అది ఆయా పత్రికల సంకేతాలను గుర్తించి, పుట తెరుచుకుంటుండగానే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. తెలుగుతో మొదలై ఇతర భారతీయ భాషలకూ ఆ సేవ విస్తరించింది. ఏ బహుళజాతి సంస్థా తన పనుల జాబితాలో చేర్చుకోని ఒక భాషా అవసరాన్ని ఒక చిన్న యాడ్-ఆన్ తీర్చింది. తరువాతి కాలంలో పత్రికలు యూనికోడ్‌కు మారడంతో దాని అవసరం తగ్గింది. కానీ చిన్న భాషలకు, చిన్న సమూహాలకు ఇటువంటి వెసులుబాటు ఎంత ముఖ్యమో ఆ ఉదాహరణ చెబుతుంది.

ఫైర్‌ఫాక్స్ 2017: తప్పనిసరి శస్త్రచికిత్స

2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ తొలి వెర్షన్ విడుదలైనప్పుడు దాని ప్రధాన ఆకర్షణల్లో యాడ్-ఆన్లు ఒకటి. వాటికి దాదాపు హద్దులు ఉండేవి కావు. బ్రౌజర్‌లోని ఏ భాగాన్నయినా అవి మార్చగలిగేవి, లోపలి యంత్రాంగాన్ని నేరుగా తాకగలిగేవి. ఇంటిని అద్దెకు తీసుకున్నవారికి గోడలు పగలగొట్టి కొత్త గదులు కట్టుకునే హక్కు కూడా ఇచ్చినట్లుండేది ఆ ఏర్పాటు. ఆ స్వేచ్ఛ నుంచే అనేక అద్భుత సాధనాలు పుట్టాయి. వెబ్‌సైట్ల నిర్మాతలకు దశాబ్దకాలం కుడిభుజంగా నిలిచిన ఫైర్‌బగ్, ఫైళ్ల దింపుకోలును సులభం చేసిన డౌన్‌దెమ్ఆల్, వెబ్ పుటలను భద్రపరిచిన స్క్రాప్‌బుక్ ఆ కోవలోనివే.

అయితే ఆ స్వేచ్ఛకు మరో పార్శ్వం ఉంది. గోడలో ఎవరు ఎక్కడ మేకు కొట్టారో తెలియనప్పుడు ఇంటి యజమాని మరమ్మతు చేయలేడు. ఫైర్‌ఫాక్స్ లోపల ఏ చిన్న మార్పు జరిగినా ఎక్కడో ఒక యాడ్-ఆన్ చెడిపోయేది. 2011లో ఆరు వారాలకొక వెర్షన్ విడుదల చేసే విధానం వచ్చాక ఈ చిక్కు మరింత పెరిగింది. పైగా బ్రౌజర్‌కున్న సర్వాధికారాలు యాడ్-ఆన్‌కూ ఉండటం వల్ల దురుద్దేశంతో రాసిన ఒక్క ప్రోగ్రామైనా వినియోగదారుడి సమాచారమంతటినీ కొల్లగొట్టగలదు. క్రోమ్ 2008లో పుట్టినప్పటి నుంచే పుటలను వేరువేరు ప్రక్రియలుగా విడదీసి నడిపేది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం ఒక పుట మొరాయిస్తే మొత్తం బ్రౌజరే స్తంభించేది. ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నానికి పాత యాడ్-ఆన్లే పెద్ద ఆటంకమయ్యాయి.

అందువల్ల మోజిల్లా 2015 ఆగస్టులో తన నిర్ణయాన్ని ప్రకటించింది. క్రోమ్ పద్ధతికి దగ్గరగా ఉండే వెబ్‌ఎక్స్‌టెన్షన్స్ అనే కొత్త విధానాన్ని తెస్తామని, పాత విధానాన్ని క్రమంగా విరమిస్తామని తెలిపింది. 2016 నవంబరులో తుది గడువు ఖరారైంది. 2017 నవంబరు 14న ‘క్వాంటమ్’ పేరుతో ఫైర్‌ఫాక్స్ 57వ వెర్షన్ విడుదలైంది. ఆ రోజుతో కొత్త విధానంలోకి మారని యాడ్-ఆన్లన్నీ మూగబోయాయి. బ్రౌజర్ వేగం గణనీయంగా పెరిగిందని సమీక్షకులు ప్రశంసించారు. అదే సమయంలో ఏళ్ల తరబడి అమర్చుకున్న సాధనాలను కోల్పోయిన పాత వినియోగదారులు తీవ్ర నిరాశకు లోనయ్యారు.

నష్టం అందరికీ సమానంగా పంచబడలేదు. వనరులున్నవారు తమ యాడ్-ఆన్లను కొత్త విధానంలో తిరగరాసుకున్నారు. పరిశోధకులకు సుపరిచితమైన జొటెరో, ఫైర్‌ఫాక్స్‌లో భాగంగా ఉండటం మానుకొని 2017లో స్వతంత్ర ప్రోగ్రాముగా రూపాంతరం చెందింది. భద్రతా సాధనమైన నోస్క్రిప్ట్ కొద్దిరోజుల ఆలస్యంతో కొత్త రూపంలో వచ్చింది. డౌన్‌దెమ్ఆల్ తిరిగి రావడానికి 2019 వరకు పట్టింది, అదీ కొన్ని సౌకర్యాలను వదులుకుని. కొత్త విధానం బ్రౌజర్ రూపురేఖలను మార్చడానికి అనుమతించనందున క్లాసిక్ థీమ్ రీస్టోరర్ వంటివి అసలు తిరిగి రాలేకపోయాయి. రాసినవారు ఎప్పుడో వేరే పనుల్లో పడిపోగా, వాడుకరుల ఆదరణతోనే నడుస్తున్న చిన్న యాడ్-ఆన్లు మాత్రం నిశ్శబ్దంగా కనుమరుగయ్యాయి. వాటి కోసం మాట్లాడేవారు లేరు.

అయినా మోజిల్లా కొంత పద్ధతి పాటించిందని ఒప్పుకోవాలి. ప్రకటనకు, అమలుకు నడుమ రెండేళ్లకు పైగా వ్యవధి ఇచ్చింది. దీర్ఘకాలిక మద్దతు గల 52వ వెర్షన్‌లో పాత యాడ్-ఆన్లు 2018 సెప్టెంబరు వరకు పనిచేసేలా చూసింది. క్రోమ్ యాడ్-ఆన్లలో లేని కొన్ని సదుపాయాలను తన కొత్త విధానంలో చేర్చింది. ఒకే యాడ్-ఆన్‌ను స్వల్ప మార్పులతో వేర్వేరు బ్రౌజర్లలో నడిపే అవకాశం కూడా దీనివల్లే కలిగింది.

తాళంచెవి ఒకరి చేతిలోనే ఉంటే

భద్రత కోసం మోజిల్లా అదే కాలంలో మరో నియమం తెచ్చింది. తాను డిజిటల్ సంతకం చేయని యాడ్-ఆన్ ఏదీ సాధారణ ఫైర్‌ఫాక్స్‌లో పనిచేయరాదన్న నిబంధనను 2016 నుంచి కచ్చితంగా అమలు చేసింది. మోసపూరిత ప్రోగ్రాములు చొరబడకుండా ఇది కాపాడుతుందనడంలో సందేహం లేదు. కానీ 2019 మే నెల తొలి వారాంతంలో ఒక విచిత్రం జరిగింది. ఆ సంతకాలను ధ్రువీకరించే సర్టిఫికెట్లలో ఒకదాని గడువు తీరిపోయింది. దానిని సకాలంలో ఎవరూ గమనించలేదు. ఫలితంగా ప్రపంచవ్యాప్తంగా ఫైర్‌ఫాక్స్ వినియోగదారుల యాడ్-ఆన్లు ఒక్కసారిగా నిలిచిపోయాయి. ఫైర్‌ఫాక్స్ పునాదిపై నిర్మితమైన టార్ బ్రౌజర్‌లో నోస్క్రిప్ట్ కూడా ఆగిపోయింది. నిఘాకు భయపడి టార్‌ను ఆశ్రయించే పాత్రికేయులకు, హక్కుల కార్యకర్తలకు అది చిన్న విషయం కాదు.

మోజిల్లా హుటాహుటిన సవరణ పంపింది, బహిరంగంగా క్షమాపణ కోరింది. కానీ కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందంగా, రక్షణ కోసం పెట్టిన ఏర్పాటే రక్షణ సాధనాలను నిలిపివేసింది. భద్రత పేరిట అధికారం ఒకే కేంద్రానికి చేరినప్పుడు, ఆ కేంద్రంలో జరిగే చిన్న పొరపాటు కూడా అందరికీ ఆపదగా మారుతుందని ఆ ఘటన నిరూపించింది. మొబైల్ ఫోన్లలోనూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. 2020లో ఆండ్రాయిడ్ కోసం ఫైర్‌ఫాక్స్‌ను తిరిగి నిర్మించినప్పుడు గుప్పెడు యాడ్-ఆన్లకే అనుమతి లభించింది. ఆ ద్వారం మళ్లీ విశాలంగా తెరుచుకోవడానికి 2023 డిసెంబరు వరకు ఆగవలసి వచ్చింది.

క్రోమ్ వాదనలో బలమెంత?

క్రోమ్ విషయానికి వస్తే, మ్యానిఫెస్ట్ 3 అనే కొత్త విధానం ముసాయిదా 2018 చివరలో వెలుగులోకి వచ్చింది. పాత విధానంలో ప్రకటనలను అడ్డుకునే యాడ్-ఆన్, మనం నియమించుకున్న కాపలాదారు లాంటిది. పుట తెరిచినప్పుడు లోపలికి వచ్చే ప్రతి అంశాన్నీ ద్వారం వద్దే ఆపి, చూసి, అప్పటికప్పుడు నిర్ణయం తీసుకునేది. కొత్త విధానంలో ఆ అధికారం దానికి లేదు. ఎవరిని రానివ్వకూడదో ముందుగా ఒక జాబితా రాసి బ్రౌజర్‌కు అప్పగించాలి. ఆ తరువాత ఎవరు లోపలికి రావాలో బ్రౌజరే చూసుకుంటుంది. జాబితాలో ఎన్ని నియమాలుండాలో కూడా బ్రౌజరే నిర్ణయిస్తుంది.

ఈ మార్పుకు గూగుల్ చెప్పిన కారణాలను కొట్టిపారేయలేం. మన రాకపోకలన్నీ గమనించగల యాడ్-ఆన్ చేతులు మారితే ఎంత ప్రమాదమో చాటే ఉదంతాలున్నాయి. సుమారు 20 లక్షలమంది వాడిన గ్రేట్ సస్పెండర్ అనే యాడ్-ఆన్‌ను దాని మూల రచయిత 2020లో ఇతరులకు విక్రయించారు. ఆ తరువాత అందులో హానికర లక్షణాలు చేరాయని తేలడంతో 2021 ఫిబ్రవరిలో గూగుల్ దానిని తొలగించింది. బయటి సర్వర్ల నుంచి ఎప్పటికప్పుడు కొత్త ప్రోగ్రామును తెచ్చుకొని నడపడాన్ని మ్యానిఫెస్ట్ 3 నిషేధించింది. ఇది నిస్సందేహంగా మంచి నిర్ణయం. జాబితా పద్ధతి కూడా గూగుల్ సొంత కల్పన కాదు. యాపిల్ 2015లోనే ఐఫోన్ల కోసం అటువంటి పద్ధతిని ప్రవేశపెట్టింది.

విమర్శకుల మాటను గూగుల్ కొంతమేరకు ఆలకించింది కూడా. తొలి ముసాయిదాలో నియమాల పరిమితి 30,000 మాత్రమే. తరువాత అది గరిష్ఠంగా 3,30,000 వరకు పెరిగింది. 2023 జనవరి నుంచి అమలు చేయదలచిన గడువును పక్కనపెట్టి, 2024 జూన్‌కు మార్చింది. క్రోమ్ స్టోర్‌లో క్రియాశీలంగా నిర్వహణలో ఉన్న యాడ్-ఆన్లలో 85 శాతానికి పైగా అప్పటికే కొత్త విధానంలోకి మారాయని ఆ సందర్భంలో గూగుల్ పేర్కొంది.

కానీ రెండు అభ్యంతరాలకు సంతృప్తికరమైన సమాధానం లభించలేదు. మొదటిది, కొత్త విధానంలోనూ యాడ్-ఆన్ రాకపోకలను అడ్డుకోలేదు గానీ, తగిన అనుమతి ఉంటే గమనించగలదు. అంటే మేలు చేసే శక్తి తగ్గింది, గూఢచర్యం చేయగల అవకాశం మాత్రం పూర్తిగా పోలేదు. 2024 డిసెంబరులో సైబర్‌హావెన్ అనే భద్రతా సంస్థ యాడ్-ఆన్ నిర్వాహక ఖాతాను మోసగాళ్లు వశపరచుకొని, దాని ద్వారా హానికర వెర్షన్‌ను పంపారు. అదే తరహా దాడికి గురైన మరికొన్ని పదుల యాడ్-ఆన్లు బయటపడ్డాయి. వాడుకరుల సంఖ్య లక్షల్లో ఉంది. నియమావళిని ఎంత మార్చినా, యాడ్-ఆన్ స్టోర్ పర్యవేక్షణ పటిష్ఠంగా లేకపోతే ఫలితం పరిమితమేనని ఇది తెలియజేస్తోంది.

రెండవ అభ్యంతరం మరింత మౌలికమైనది. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆదాయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ప్రకటనల నుంచే వస్తుంది. ప్రకటనలను అడ్డుకునే సాధనానికి ఎంత శక్తి ఉండాలో ప్రకటనలు అమ్మే సంస్థే నిర్ణయించడాన్ని ఎవరైనా సందేహించక తప్పదు. గూగుల్ ఉద్దేశం పూర్తిగా భద్రతే అయినా, కంచే చేను మేస్తుందేమోనన్న అనుమానాన్ని నివృత్తి చేయవలసిన బాధ్యత కంచె వేసినవారిదే. ఇదే స్వేచ్ఛను సంస్థల నిర్వాహకులు తమ ఉద్యోగుల కంప్యూటర్లలో అమర్చే యాడ్-ఆన్లకు మాత్రం కొత్త విధానంలోనూ కొనసాగించడం గమనార్హం. సంస్థకు తగిన అధికారం సొంత కంప్యూటరు గల పౌరుడికి ఎందుకు తగదన్న ప్రశ్నకు నేరుగా జవాబు లేదు.

న్యాయంగా మరో మాట కూడా చెప్పుకోవాలి. ఉచితంగా చదివే వార్తలకు, వీక్షించే దృశ్యాలకు ఖర్చు ప్రకటనల నుంచే వస్తుంది. అందరూ ప్రకటనలను పూర్తిగా అడ్డుకుంటే చిన్న పత్రికల మనుగడ కష్టమవుతుంది. అయితే ప్రకటన చూపడం వేరు, ప్రకటన పేరుతో పాఠకుడి కదలికలను సైటు నుంచి సైటుకు వెంబడించడం వేరు. మొదటిదాన్ని సహించేవారు కూడా రెండవదాన్ని నిరోధించుకునే హక్కు కోరుకోవడం సహజం.

అసలు తేడా ఎక్కడ?

ఫైర్‌ఫాక్స్, క్రోమ్ చేసిన పనుల్లో పోలికలు చాలా ఉన్నాయి. రెండూ భద్రతను, వేగాన్ని కారణాలుగా చూపాయి. రెండూ ముందస్తు గడువులిచ్చాయి. రెండింటిలోనూ చిన్న రచయితలు, వారిపై ఆధారపడిన వాడుకరులు నష్టపోయారు. తేడా అంతా మార్కెట్‌లో వాటి స్థానంలో ఉంది. 2017లో ఫైర్‌ఫాక్స్ నచ్చనివారు వేరే బ్రౌజర్‌కు వెళ్లారు. తన వినియోగదారులను పోగొట్టుకునే ప్రమాదాన్ని మోజిల్లా తానే తలకెత్తుకుంది. 2009 ప్రాంతంలో ప్రపంచ బ్రౌజర్ వినియోగంలో సుమారు మూడో వంతు వాటా ఉన్న ఆ బ్రౌజర్ నేడు అతి స్వల్ప వాటాకు పరిమితమైంది. దానికి యాడ్-ఆన్ల మార్పు ఒక్కటే కారణం కాకపోయినా, అదీ ఒక కారణమని భావించేవారు లేకపోలేదు.

క్రోమ్ పరిస్థితి వేరు. ప్రపంచవ్యాప్తంగా బ్రౌజర్ వినియోగంలో దాదాపు మూడింట రెండు వంతులు దానిదే. భారత్‌లో దాని ఆధిపత్యం ఇంకా ఎక్కువ. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డి వంటివి పేర్లకు వేరైనా, వాటి పునాది గూగుల్ ప్రధాన పాత్ర వహించే క్రోమియమ్ ప్రాజెక్టే. బ్రేవ్, ఒపెరా తమలోనే ప్రకటనల నిరోధకాన్ని అమర్చుకొని కొంత ఉపశమనం కల్పిస్తున్నాయి. కానీ పునాది రాయి ఒకరు కదిలిస్తే పైనున్న మేడలన్నీ సర్దుకోవలసిందే. పాత తరహా అడ్డుకునే శక్తిని కొనసాగిస్తామని స్పష్టంగా ప్రకటించిన ప్రధాన బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ ఒక్కటే. ఆ ఫైర్‌ఫాక్స్‌ను నడిపే మోజిల్లాకు ఆదాయంలో అధికభాగం తన సెర్చ్‌ను ముందుగా అమర్చినందుకు గూగుల్ చెల్లించే సొమ్ము నుంచే వస్తుండటం ఈ వ్యవహారంలో విచిత్రమైన చిక్కుముడి.

న్యాయస్థానాల దృష్టి కూడా ఈ ఆధిపత్యంపై పడింది. ఇంటర్నెట్ అన్వేషణ రంగంలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యాన్ని నిలబెట్టుకుందని అమెరికాలోని ఫెడరల్ న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో తీర్పునిచ్చారు. క్రోమ్‌ను అమ్మివేసేలా ఆదేశించాలని అక్కడి న్యాయశాఖ కోరింది. అయితే 2025 సెప్టెంబరు నాటి ఉత్తర్వులో న్యాయమూర్తి అంత దూరం వెళ్లడానికి నిరాకరించారు. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌పై రూ.1,337.76 కోట్ల జరిమానా విధించింది. యాప్ స్టోర్ రంగంలోని బలాన్ని ఉపయోగించుకొని బ్రౌజర్ రంగంలో క్రోమ్ స్థానాన్ని కాపాడుకున్నదన్నది ఆ ఉత్తర్వులోని అంశాల్లో ఒకటి. ఆ జరిమానాను జాతీయ కంపెనీ చట్ట అప్పిలేట్ ట్రైబ్యునల్ 2023 మార్చిలో సమర్థించింది.

మన అనుభవం, మన పాఠాలు

బ్రౌజర్ మారితే ప్రజల పనులు ఎలా నిలిచిపోతాయో భారతీయులకు ముందే తెలుసు. ఇ-టెండర్లు, ఇతర ప్రభుత్వ పోర్టళ్లలో డిజిటల్ సంతకం చేయడానికి ఒకప్పుడు జావా ఆప్లెట్ అనే ఏర్పాటును విస్తృతంగా వాడేవారు. దానికి ఆధారమైన ప్లగిన్ల విధానాన్ని క్రోమ్ 2015 సెప్టెంబరులో, ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో విరమించాయి. సంతకం చేయడానికి మాత్రమే పాత బ్రౌజర్‌ను విడిగా ఉంచుకోవలసిన దుస్థితి ఎదురైంది. భద్రతా సవరణలు అందని పాత వెర్షన్‌లో డిజిటల్ సంతకం చేయడమంటే తాళం చెడిన గదిలో నగలు పెట్టుకోవడమే. పోర్టళ్లు క్రమంగా ప్రత్యామ్నాయ పద్ధతులకు మారాయి. ఒకే సంస్థ సాంకేతికతపై ప్రజాసేవలను పూర్తిగా ఆధారపరచరాదన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం.

స్వదేశీ బ్రౌజర్ దిశగా కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2023 ఆగస్టులో పోటీని ప్రకటించింది. 2025 మార్చిలో వెల్లడైన ఫలితాల్లో జోహో సంస్థ ప్రథమ స్థానంలో నిలిచి కోటి రూపాయల బహుమతి గెలుచుకుంది. ఇది స్వాగతించదగిన ప్రయత్నం. అయితే బ్రౌజర్ మన దేశంలో తయారైనంత మాత్రాన వినియోగదారుడికి స్వేచ్ఛ దక్కదు. దాని యాడ్-ఆన్ల నియమాలను ఎవరు, ఎలా నిర్ణయిస్తారన్నది అంతకంటే ముఖ్యం. భారతీయ భాషల అవసరాలు తీర్చే చిన్న సాధనాలకు అందులో సులభమైన ప్రవేశం, స్థిరమైన నిబంధనలు ఉంటేనే ఆ ప్రయత్నం అర్థవంతమవుతుంది.

అంతర్జాతీయంగా కూడా ఒక ఆశాకిరణం ఉంది. యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మోజిల్లా కలిసి 2021 జూన్‌లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియమ్ ఆధ్వర్యంలో యాడ్-ఆన్లకు ఉమ్మడి ప్రమాణాల కోసం ఒక సమూహాన్ని ఏర్పాటు చేసుకున్నాయి. ఒకచోట రాసిన యాడ్-ఆన్ అన్ని బ్రౌజర్లలో పనిచేయాలన్నది దాని ఆశయం. అది నెరవేరితే ఒక సంస్థ తలుపు మూసినా రచయిత తన శ్రమను మరో ఇంటికి తరలించుకోగలడు. కానీ ఆ సమూహానికి సలహా ఇచ్చే శక్తే తప్ప శాసించే శక్తి లేదు.

మార్పు న్యాయమైనదో కాదో ఎలా తేల్చాలి?

బ్రౌజర్ నిర్మాతలు ఎన్నటికీ మారకూడదని కోరడం అవివేకం. పాత ఏర్పాట్లను మోస్తూ పోతే భద్రత కొరవడుతుంది, వేగం తగ్గుతుంది. ఫైర్‌ఫాక్స్ 2017లో మారకపోయి ఉంటే నేటివరకు నిలదొక్కుకునేదా అన్నది కూడా ఆలోచించదగినదే. అయితే మార్పు న్యాయమైనదో కాదో తేల్చడానికి కొన్ని కొలమానాలు అవసరం. పాతదాన్ని తొలగించే ముందు దానితో సమానమైన పని చేయగల ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉందా? ప్రమాదాలను అర్థం చేసుకొని, స్వయంగా బాధ్యత వహించి పాత సాధనాన్ని కొనసాగించదలచిన వినియోగదారుడికి అటువంటి వీలుందా? నిర్ణయం తీసుకునే సంస్థకు ఆ నిర్ణయం వల్ల ఆర్థిక ప్రయోజనం కలుగుతుంటే, దానిని పరిశీలించే స్వతంత్ర వ్యవస్థ ఉందా?

ఫైర్‌ఫాక్స్ మార్పు మొదటి రెండు ప్రశ్నల వద్ద తడబడినా, మూడవదాని వద్ద పెద్దగా అనుమానానికి తావివ్వలేదు. క్రోమ్ మార్పు ప్రధానంగా మూడవ ప్రశ్న వద్దే నిలబడలేకపోతోంది. మన కాంపిటీషన్ కమిషన్ వంటి సంస్థలు యాప్ స్టోర్ల వరకే పరిమితం కాకుండా, బ్రౌజర్ల యాడ్-ఆన్ నిబంధనలను కూడా తమ పరిశీలనలోకి తీసుకోవడం సముచితంగా ఉంటుంది.

వినియోగదారుల వంతు కూడా కొంత ఉంది. ఏ యాడ్-ఆన్‌కు ఏ అనుమతులిచ్చామో అప్పుడప్పుడు చూసుకోవాలి. వాడనివాటిని తొలగించాలి. యాడ్-ఆన్ ఆగిపోయిందన్న కోపంతో భద్రతా సవరణలు లేని పాత వెర్షన్‌లోనే ఉండిపోవడం కంటే, అదే పని చేసే సాధనం అందుబాటులో ఉన్న మరో బ్రౌజర్‌ను పరిశీలించడం మేలు. అవసరమైన గుర్తులను, పాస్‌వర్డ్లను, భద్రపరచుకున్న పుటలను ఒక బ్రౌజర్ నుంచి మరొకదానికి తీసుకువెళ్లగలిగే రూపంలో ఉంచుకోవాలి. మన కంప్యూటరులో రెండవ బ్రౌజర్ ఒకటి సిద్ధంగా ఉంటే, మొదటి బ్రౌజర్ నిర్మాత తీసుకునే ఏ నిర్ణయానికైనా మనం కట్టుబడి ఉండవలసిన అగత్యం తప్పుతుంది. కోట్లాది వినియోగదారులు ఆ మాత్రం చొరవ చూపిననాడు, గడువులు ప్రకటించే ముందు సంస్థలు కూడా మరొకసారి ఆలోచిస్తాయి.